చేతులు కడుక్కునే సీను

మగపిల్లాడిని ప్రేమించిన మగపిల్లాడి కథను సినిమాగా తీయాలంటే ముందు ఒక కిటికీ కావాలి. కుర్రాడు ఆ కిటికీ పక్కన కూర్చోవాలి. బయట వాన పడాలి. వాడు ఏమీ మాట్లాడకూడదు. వంటింట్లో వాళ్లమ్మ కూరలు తరుగుతూ ఉండాలి, ఆవిడా ఏమీ మాట్లాడకూడదు. మధ్యలో ఒక సైకిలు రావాలి, ఒక ఏరు రావాలి, ఒక చెంపదెబ్బ పడాలి. చివర్లో ఇద్దరిలో ఒకడు రైలెక్కి వెళ్లిపోవాలి, లేదంటే నీళ్లలోకి నడిచి వెళ్లిపోవాలి. పెద్ద హీరోలూ పాటలూ లేకుండా నలుగురు కలిసి తీసుకునే చిన్న సినిమాలు నేను చాలా చూశాను. ఏ దేశంలో తీసినా ఆ కిటికీ మాత్రం తప్పలేదు.

వెటకారం చేస్తున్నానని అనుకోకండి. ఆ సినిమాలంటే నాకు ప్రాణం. ప్రాణం కాబట్టే ఒళ్లు మంట. వాటిలో మొదటిదాన్ని విశాఖపట్నంలో చూశాను. ఒక మేడ మీద పాతిక ప్లాస్టిక్ కుర్చీలు వేసి, గోడకి దుప్పటి కట్టి వేశారు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. తెర మీద ఇద్దరు కుర్రాళ్లు ఒకే కొబ్బరిబోండాన్ని ఒకరి తరవాత ఒకరు తాగారు, అంతే. నేను కుర్చీలోనే వెక్కివెక్కి ఏడ్చాను. పక్కనున్నాయన జేబురుమాలు ఇచ్చాడు. నాలాంటి వాణ్ణి అంతసేపు, అంత దగ్గరగా, ఎగతాళి చెయ్యకుండా ఎవరో చూశారనే సంగతే నాకు అంతవరకూ తెలియదు. పెద్ద సినిమాల్లో మాలాంటివాడు నడుం తిప్పుకుంటూ వచ్చి నవ్వించి పోయేవాడు.

అయితే ఆ మౌనం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. మా జీడితోటల ఉద్దానంలో మౌనం ఎక్కడ దొరుకుతుంది? గట్టిగా తుమ్మితే పక్కవీధి నుంచి "ఏటైనాది?" అని అడుగుతారు. రైలెక్కి వెళ్లిపోవడం కూడా అంత సుళువు కాదు. సుమ్మాదేవి స్టేషన్లో రైలు ఆగేది ఒక్క నిమిషం. ఆ నిమిషంలో నలుగురు పలకరిస్తారు. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు, వచ్చేటప్పుడు మా ఇంటికి ఫలానాది పట్రా. అవన్నీ అయ్యాక కిటికీలోంచి శూన్యంలోకి చూడ్డానికి మొహం చెల్లదు.

నా సంగతి చెప్పాలి. పలాసలో నాకు చిన్న స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు తీస్తాను. ముహూర్తాలున్న నెలల్లో నా ఒంటి మీద అక్షింతలు లేని రోజుండదు. నాకు మాత్రం పెళ్లి కాలేదు. ప్రతి పెళ్లిలోనూ భోజనాల దగ్గర ఎవరో ఒకరు, "మరి నీ పెళ్లికి వీడియో ఎవులు తీత్తారు బావా?" అని అడిగి, వాళ్లే పెద్ద జోకు వేసినట్టు నవ్వుతారు. మా అమ్మ పక్కనుంటే టక్కున అందుకునేది.

"ముప్పై దాటితే గానీ సెయ్యొద్దని సిద్ధాంతి గారు సెప్పినారు. గ్రెహాలు బాగోనేదంట."

నాకు ముప్పై దాటాక సిద్ధాంతి గారు ముప్పై మూడన్నారు. అదీ దాటాక ముప్పై ఆరన్నారు. ఆ సిద్ధాంతి ఎవరో నేనెప్పుడూ చూడలేదు గానీ, లోలోపల ఆయనకు రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణి. ఆయనే గనక లేకపోతే నా మెడకి ఎప్పుడో డోలు కట్టేసేవారు.

అమ్మ పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. నేను మూడో క్లాసులో ఉండగా నాన్న పోయారు. అప్పటి నుంచీ ఆ పనే. చిన్నప్పుడు అమ్మ పప్పు మీద తోలు తీసే గదిలో ఉండేది. సాయంత్రం ఇంటికొస్తే చేతులు వేయించిన పప్పు వాసన వేసేవి. పొద్దున్న నేను బడికి వెళ్లేటప్పుడు తలకి నూనె రాసి, ఆ జిడ్డుచేతుల్తోనే రెండు చెంపలూ నిమిరి పంపేది. నేను టెక్కలి డిగ్రీ కాలేజీలో చేరిన ఏడాది అది ఆగిపోయింది.

ఆ ఏడాదే నాకు అక్కుపల్లి నుంచి వచ్చే ఒక కుర్రాడితో స్నేహం కుదిరింది. వాళ్ల నాన్న సముద్రంలో వేటకి వెళ్తాడు. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే బస్సు. ముందెక్కినవాడు రెండోవాడికి సీటు ఆపేవాడు. అదీ మా ప్రేమకథ. ఒకరోజు అక్కుపల్లి ఒడ్డున కూర్చుని ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని పాటలు వింటుంటే మా దూరపు పిన్ని చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదు, సాయంత్రానికల్లా మా ఇంటికి వచ్చింది. అమ్మతో ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆ వారంలోనే అమ్మ నా చెంపలు నిమరడం మానేసింది. అన్నం పెట్టేది, మాట్లాడేది, తిట్టేది. చెయ్యి మాత్రం వెయ్యలేదు. నేను దగ్గరికి వెళ్తే ఒక అడుగు వెనక్కి వేసేది.

పద్దెనిమిదేళ్ల వాడికి రెండూ రెండూ కలిపితే ఎంతవుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అమ్మకి తెలిసిపోయింది, నన్ను ముట్టుకోవడానికి అసహ్యపడుతోంది అనుకున్నాను. అడిగే ధైర్యం లేదు. అక్కుపల్లి కుర్రాడు డిగ్రీ అయ్యాక పని వెతుక్కుంటూ చెన్నై వెళ్లాడు, తరవాత పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లి వీడియో కూడా నేనే తీశాను, చాలా బాగా వచ్చింది. అమ్మ దగ్గర మాత్రం ఆ అడుగు దూరం అలాగే ఉండిపోయింది, పదిహేనేళ్లకి పైగా.

రెండేళ్ల కిందట ఏప్రిల్లో హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. ఒక ఆడ మనిషి గొంతు. ఉద్దానంలో చిన్న సినిమా తీస్తున్నాం, డ్రోనూ జనరేటరూ రెండూ ఉన్నది మీ దగ్గరేనట కదా అంది. వారానికల్లా ఎనిమిదిమంది దిగారు. డైరెక్టరమ్మకి ముప్పై ఉంటాయి, పొట్టి జుట్టు, చక్కెర లేని నల్లటీ తాగుతుంది. మా ఊరి ఆడవాళ్లు మొదటిరోజే జాలిపడి, "ఇంత సిన్న వయసుకే సుగరు జబ్బేటి పాపా?" అని అడిగారు.

స్క్రిప్టు నా చేతికిచ్చింది. స్టూడియోలో నిలబడే చదివాను. డిగ్రీ చదివే ఇద్దరు కుర్రాళ్లు. ఒకడి తల్లి జీడి ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, రెండోవాడు సముద్రం మీద బతికే ఇంటివాడు. నా కథ ఎవరు చెప్పారు ఈవిడకి అనుకున్నాను. తీరా చూస్తే మొదటి పేజీలో కిటికీ, వాన. ముప్పయ్యో పేజీలో తల్లి చెంపదెబ్బ. ఆఖరి పేజీలో రెండోవాడు సముద్రంలోకి నడిచి వెళ్లిపోయాడు. హమ్మయ్య, ఇది నా కథ కాదు, అన్ని సినిమాల కథే అని ఊపిరి పీల్చుకున్నాను.

"మేడమ్, ఈ నెల్లో ఇక్కడ వాన పడదు," అన్నాను.

"ట్యాంకర్ పెడదాం," అంది.

నేను చెప్పబోయేలోపే ట్యాంకరు వచ్చేసింది. మంచినీళ్లకి బిందెలు వరసపెట్టే ఊళ్లో, ఒక పెంకుటింటి కిటికీ మీద నీళ్లు చిమ్మితే ఎవరైనా చూస్తూ ఊరుకుంటారా? కుర్రాడు కిటికీలోంచి దిగులుగా చూస్తున్నాడు. ఫ్రేములో కుడివైపు నుంచి ఒక బిందె వచ్చింది. తరవాత ఇంకోటి. మూడో టేకుకి చూరు కింద పదకొండు బిందెలు, రెండు బకెట్లు, ఒక పసిపిల్లాడి స్నానం. ట్యాంకరు డ్రైవరు కూడా మనసు మార్చుకుని పైపు నేరుగా బిందెల్లోకి పెట్టేశాడు. డైరెక్టరమ్మ తల పట్టుకుని కూర్చుంది గానీ, కోపం వచ్చే మనిషి కాదు. కాసేపటికి తనూ ఒక బిందె పట్టి ఒక ముసలావిడ ఇంటిదాకా మోసింది.

రెండోరోజు సౌండు చూసే అతను పడిపోయాడు. తోటలో జీడిమామిడి పళ్లు కనిపించాయి, పసుపుగా, ఎర్రగా, చూడ్డానికి ముద్దుగా. ఎవరినీ అడక్కుండా ఓ అరడజను తిన్నాడు. ఉప్పు అద్దకుండా అన్ని తింటే గొంతు పట్టేస్తుందని ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ప్రతి టేకులోనూ దగ్గే. దాంతో హెడ్‌ఫోన్లు నా నెత్తిన పడ్డాయి.

అదే రోజు తల్లి వేషం వెయ్యడానికి విశాఖ నుంచి వచ్చిన నటి ఇంకా గొప్ప పని చేసింది. పాత్రలో లీనమవ్వాలని పచ్చి జీడిపిక్కని రాయితో కొట్టి, గోటితో గుల్ల విప్పి, ఆ చేత్తోనే పెదవి తుడుచుకుంది. జీడిగుల్లలో నల్లటి రసం ఉంటుంది. చర్మానికి తగిలితే నిప్పు తగిలినట్టే. సాయంత్రానికి ఆవిడ వేళ్లు పొక్కాయి, పెదవి వాచి సొరకాయంత అయింది. మా అమ్మని పిలిపించాను. అమ్మ వచ్చి, "ఏటమ్మా, తెలీనిదాని జోలికెందుకెల్లినావు," అని గదుముతూనే దూదితో కొబ్బరినూనె రాసి డాక్టరు దగ్గరికి పంపింది. డైరెక్టరమ్మ మాత్రం ఆ సేపంతా నటిని చూడలేదు. మా అమ్మనే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. పెళ్లిలో మంచి ఫ్రేము దొరికినప్పుడు నేనూ అలాగే చూస్తాను.

"ఆంటీ, మీరు చేస్తారా ఆ వేషం?"

"మా అమ్మకి యాక్టింగు రాదు," అన్నాను వెంటనే.

అమ్మకి పౌరుషం వచ్చింది. "రాదని నీకెవులు సెప్పినారు?" అని, డైరెక్టరమ్మ వైపు తిరిగి, "సేత్తాను పాపా," అంది.

సినిమా ఇద్దరు స్నేహితుల కథ అని అప్పటికే అమ్మకి చెప్పి ఉన్నాను. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఇప్పుడు ఎవరో ఒకరు ఆవిడకి అసలు కథ చెప్పాలి, నేను ఆ పక్కనే నిలబడి ఉండాలి. అమ్మ మొహం ఎలా మారుతుందో చూడాల్సి వస్తుంది. పదిహేనేళ్లుగా దేన్నుంచి పారిపోతున్నానో అది జనరేటరు అద్దెకిచ్చినందుకు నా ఇంటికే వచ్చి కూర్చుంది.

తల్లి సీనుకి రెండు రోజులు టైముంది. ఈలోగా అక్కుపల్లిలో సముద్రం సీను తీశారు. రెండోవాడు నీళ్లలోకి నడిచి వెళ్లాలి, వెనక్కి చూడకూడదు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న వాళ్లకి నేనే వెళ్లి చెప్పాను, ఇది షూటింగు, కంగారు పడకండి అని. అందరూ సరేనన్నారు. షూటింగు మొదలైనప్పటి నుంచీ ఊరంతా అడుగుతున్న ప్రశ్నే వీళ్లూ అడిగారు.

"ఈరోయిను ఎప్పుడొత్తాది మావా?"

"రేపు," అన్నాను. మొదటిరోజు నుంచీ నా జవాబు అదే.

యాక్షన్ అన్నారు. కుర్రాడు నడిచాడు. మోకాళ్లు మునిగాయి, నడుము మునిగింది. హెడ్‌ఫోన్లలో కెరటాల చప్పుడు బ్రహ్మాండంగా వస్తోంది. ఇంతలో పడవ చాటు నుంచి ఇద్దరు దూకారు. వాళ్లకి నేను చెప్పలేదు, అప్పుడే వచ్చినట్టున్నారు. కుర్రాణ్ణి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి, ఇసకలో బోర్లా పడుకోబెట్టి వీపు మీద నొక్కడం మొదలుపెట్టారు. వాడు "సార్, నేను యాక్టర్ని సార్," అని అరుస్తున్నాడు. రెండో టేకులో ఇంకో ఇద్దరు దూకారు. ఈసారి వీళ్లకి షూటింగని తెలుసు. తెలిసినా ఆగలేకపోయామన్నారు. మనిషి అలా పోతుంటే చూస్తూ కూర్చోవడం మాకు చేత కాదు బాబూ అన్నారు.

అప్పటిదాకా వల అల్లుకుంటున్న ఒక పెద్దాయన లేచి డైరెక్టరమ్మ దగ్గరికి వచ్చాడు. "అమ్మాయీ, ఈ కుర్రోడు కతలో ఎవులి కొడుకు?"

"వేటకెళ్లే వాళ్లబ్బాయి."

"మరింకేటి? వలేసేవోడి కొడుకు సంద్రంలో ములిగి సచ్చిపోనాడని సినిమాలో సూపిత్తే మా ఊరి పరువేటైపోద్ది? మా పిల్ల గుంటలు నడక కన్నా ముందు ఈత నేర్సుకుంటారు."

అందరం నవ్వాం, డైరెక్టరమ్మ కూడా. ఆవిడ ఇసకలో కూర్చుని, నల్లటీ తాగుతూ చాలాసేపు స్క్రిప్టు ఆఖరి పేజీని చూసింది. తరవాత దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. ఆ సాయంత్రం ఆ ఇద్దరు కుర్రాళ్లూ అందరితో కలిసి వల లాగుతున్నట్టు తీసింది. నీళ్లలోకి నడిచినవాడు నీళ్లలోంచి చేపలతో వచ్చాడు. సామాను సర్దుతుంటే పెద్దాయన నా పక్కకొచ్చి మెల్లిగా అన్నాడు.

"ఈరోయిను రాదని మాకు తెలుసులేరా మావా. ఆల్లిద్దరే గదేటి. రేపు రేపని ఎందుకు ఊరికే అబద్దాలాడతావు?"

అని వెళ్లి వల ముందు కూర్చున్నాడు. ఆయనకి అదేమీ పెద్ద విషయంలా లేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. ఆయనకే తెలిస్తే అమ్మకి తెలియకుండా ఉంటుందా?

తల్లి సీను మా ఇంటి పెరట్లోనే పెట్టారు. అమ్మ ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చింది. చేతులు నల్లగా ఉన్నాయి, అలాగే ఉంచమని డైరెక్టరమ్మ ముందే చెప్పింది. ఆ నలుపు మేకప్పుతో రాదు కదా. అమ్మ చీర కుచ్చిళ్ల దగ్గర చిన్న మైకు పెట్టాను. డైరెక్టరమ్మ సీను చెప్పింది.

"ఆంటీ, మీ అబ్బాయి ఇంకో అబ్బాయిని ప్రేమించాడు. మీకు ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారు. మీరు కోపంగా ఇంటికొస్తారు. వాడు ఇక్కడ నిలబడి ఉంటాడు. వచ్చీ రాగానే చెంప మీద ఒక్కటి కొడతారు. ఏమీ మాట్లాడరు."

అమ్మ ఆవిణ్ణి చూడలేదు. నా వైపు చూసింది. నేను సౌండు మెషీను మీద కదిలే గీతలు చూస్తూ ఉండిపోయాను.

"ఈ సేతుల్తోనా?" అంది అమ్మ.

"అవునాంటీ."

"నీకేటైనా మతుందేటి పాపా? మొన్న ఆయమ్మ మూతి సూసినావు కదా. కటింగులో, జీడిగుల్లలు కోసే కాడ పన్జేసిన సెయ్యి ఇది. ఈ సేత్తో కొడితే కుర్రోడి మొకం పొక్కిపోద్ది. ఎంత కోపమొచ్చినా సరే, జీడి సేతుల్తో ఎవులైనా పిల్లల మీద సెయ్యేత్తారేటి? ముందు కడుక్కోవాల."

"సరే, కడుక్కుని కొట్టండి."

అమ్మ కుళాయి వైపు చూసింది. "సూత్తాను," అంది.

కెమెరా తిరిగింది. అమ్మ పెరటి తలుపు తోసుకుని వచ్చింది. కుర్రాణ్ణి చూసింది. వాడు ఒక అడుగు ముందుకేశాడు. అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు నాకు తెలుసు. తరవాత కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, సీసాలోంచి ఆముదం పోసుకుని వేళ్ల సందులన్నీ పట్టించింది. బూడిద తీసుకుని రుద్దింది. సబ్బు పెట్టింది. వెలుతురులో పట్టుకుని చూసుకుని మళ్లీ ఆముదం పోసుకుంది. ఆ పని తొందరగా అయ్యేది కాదు. డైరెక్టరమ్మ కట్ చెప్పలేదు. కడుగుతూ కడుగుతూ అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. నటిస్తోందో, నిజంగానే అంటోందో నాకు తెలియలేదు. గొంతు మాత్రం నా రెండు చెవుల్లోనూ, ఊపిరితో సహా వినిపించింది.

"ఆగు నాయినా, దగ్గరికి రాకు. ఇది అంటుకుంటే మంట. మావోడు కాలేజీలో సేరినప్పుడు నాను తోలు గదిలోంచి కటింగుకి మారినాను. కటింగులో కూలెక్కువ. అప్పట్నుంచి ఆడి మొకం మీద సెయ్యెయ్యనేదు. ఎంత కడిగినా గోళ్లల్లో ఉండిపోద్దేమోనని బయ్యం. ఆడేటనుకున్నాడో ఏటో, ఆడూ అడగనేదు. అలగలగ పెద్దోడైపోనాడు. పెద్దోణ్ణి ముట్టుకోటానికి ఇంక సిగ్గేసినాది."

నేను హెడ్‌ఫోన్లు రెండు చేతుల్తో అదుముకున్నాను. పదిహేనేళ్ల అసహ్యం అనుకున్నది ఆముదం, బూడిద, సబ్బు. అంతే. నా అంత తెలివితక్కువ వెధవ ఉద్దానంలో ఇంకొకడు ఉండడు. జీడితోటల్లో పుట్టి, జీడి చేతుల కూడు తిని, ఆ అడుగు ఎందుకో తెలుసుకోలేకపోయాను.

అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది. కోపం ఏమైనా ఉంటే ఆ నీళ్లతోనే పోయి ఉంటుంది. కుర్రాడి దగ్గరికి వెళ్లి, చెంప మీద చెయ్యి వేసి, "అన్నం తిన్నావేటి?" అంది.

డైరెక్టరమ్మ ఏడుస్తూ కట్ చెప్పింది. కెమెరా చూసే అతను ముక్కు చీదాడు. నాకు ఏడుపుతో పాటు ఉడుకుమోత్తనం కూడా వచ్చింది. అన్నేళ్లు దాచుకున్న చెయ్యి పోయి పోయి హైదరాబాదు కుర్రాడి చెంప మీద పడింది.

పనంతా అయ్యాక డైరెక్టరమ్మని బసలో దింపడానికి సామాను బండి వెళ్లింది. అమ్మకి పలాసలో మందులు కొనాల్సి ఉంటే స్కూటీ మీద ఎక్కించుకుని బయల్దేరాను. ఇంకా వెలుగుంది. జీడితోటల మధ్య రోడ్డు మీద అమ్మ వెనక కూర్చుని అంది.

"ఆ కతలో కుర్రోడికి ఆకర్ని పెళ్లి సేసీనారేటి?"

"లేదమ్మా."

"మంచి పని సేసినారు." కొంచెం దూరం వెళ్లాక, "నీకూ సెయ్యన్లే," అంది.

బండి గతుకులో పడింది. నేనే పడేశాను.

"మరి సిద్ధాంతి గారు ముప్పై ఆరన్నారు కదా?" రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాను.

"ఏ సిద్ధాంతిరా? ఏ సిద్ధాంతీ గిద్ధాంతీ నేడు. మీ పిన్ని ఒచ్చి సెప్పిన నాడే నాకు తెలుసు. నీకు ఇష్టం నేని పెళ్లి సేసి ఎవులి కూతురు ఉసురు పోసుకోను? జనం అడిగినప్పుడల్లా నానే ఏదో ఒకటి సెప్పీదాన్ని. నీ ముప్పై ఆరు దాటితే నలభై అందామనుకున్నాను."

యాక్టింగు రాదని ఈవిడ గురించే అన్నాను. రోడ్డు పక్కన బండి ఆపి నవ్వాను, ఏడ్చాను, మళ్లీ నవ్వాను. అమ్మ "ఎల్లు ఎల్లు, మందుల సాపు కట్టీగలడు," అని వీపు మీద ఒక్కటి వేసింది.

సినిమా పూర్తవడానికి ఏడాది పట్టింది. హైదరాబాదులో ఒక చిన్న హాల్లో చిన్న సినిమాల పండగలో వేశారు. నేనూ ఆఖరికి రైలెక్కాను. అయితే మా అమ్మతో, పులిహోర డబ్బాతో, ఎదురు సీటు వాళ్లకి కూడా పెడుతూ. కిటికీ పక్క సీటు అమ్మదే. నాకు శూన్యంలోకి చూసే అవకాశం రానే లేదు.

సినిమా అయ్యాక మమ్మల్ని ముందు వరసలో నిలబెట్టారు. ప్రశ్నలు మొదలయ్యాయి. కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దమనిషి లేచి, చాలా మెచ్చుకుని, ఆ తరవాత అడిగాడు. తల్లి అంతసేపు చేతులు కడుక్కోవడంలో ఆవిడ అసహ్యం కనిపించిందనీ, కొడుకుని మైలగా చూసే సమాజాన్ని ఆ ఒక్క సీనులో చూపించారనీ, అది కావాలనే చేశారా అనీ. హాల్లో చాలామంది తలలూపారు. ఒకప్పుడు నేనూ అలాగే ఊపి ఉండేవాణ్ణి.

"ఏటంతన్నాడు?" అంది అమ్మ నా చెవిలో.

చెప్పాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. డైరెక్టరమ్మ మైకు తెచ్చి ఆవిడ చేతికిచ్చింది.

"బాబూ, సేతులు కడుక్కునేది ముట్టుకోటానికే గదా. ముట్టుకోకూడదనుకుంటే కడుక్కోటమెందుకు?"

హాలంతా చప్పట్లు కొట్టింది. అమ్మ అవేమీ పట్టించుకోలేదు. మైకు తిరిగిచ్చేసి, అరచేతులు రెండూ వెలుతురు వైపు తిప్పి ఒకసారి చూసుకుంది. తరవాత నా వైపు తిరిగి, అంతమంది ముందు, నా రెండు చెంపల మీదా చేతులు పెట్టింది. గరుకుగా ఉన్నాయి. గోళ్ల చివర ఇంకా కొంచెం నల్లగా ఉంది. ఏమీ మండలేదు.

"అన్నం తిన్నావేటి?" అంది.

లేదన్నాను. పులిహోర ఇంకా మిగిలే ఉందంది.